నాలుగింటి రీడింగు: నైట్ షిఫ్ట్‌లో కునుకు పట్టిన ఒక ఆపరేటర్ కేసు

గంటగంటకీ యంత్రాల రీడింగులు రాసే లాగ్‌షీట్‌లో తెల్లవారుజామున 4 గంటల రీడింగు, 5 గంటల రీడింగు దశాంశంతో సహా ఒకటే. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) నీటి ఉష్ణోగ్రత, బాయిలర్ స్టీమ్ ప్రెషర్, కూలింగ్ టవర్ పంపు ఆంపియర్లు, అన్నీ. నడుస్తున్న ప్లాంటులో అలా ఉండదు. షిఫ్ట్ ఇన్‌చార్జి అడిగితే ఆపరేటర్ దాచలేదు. నాలుగింటికి కంట్రోల్ ప్యానెల్ ముందు కునుకు పట్టింది, అయిదింటికి ఉలిక్కిపడి లేచి రెండు గడులూ ఒకేసారి నింపేశాడు. మెమో ఇచ్చారు. ఆ తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు నా దగ్గరికి పంపి ఒకే ప్రశ్న అడిగారు: "ఇతను నైట్ డ్యూటీకి ఫిట్టా, అన్‌ఫిట్టా?"

విశాఖపట్నం, అనకాపల్లి వైపు ఫార్మా యూనిట్లలో కార్మికుల ఆరోగ్యం చూసే డాక్టర్ని నేను. నిద్రమత్తు కేసులు నా దగ్గరికి చాలానే వస్తాయి, అయితే దాదాపు అన్నీ ఇదే వరుసలో: ముందు తప్పు, తర్వాత మెమో, ఆఖర్న డాక్టరు. ఈ వరుస తిరగబడాలన్నదే నా తాపత్రయం. ఆపరేటర్ అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఆయన్ని, యూనిట్‌ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మనిషి, ఆయన వారం

వయసు 41. ప్లాంటుకి ఆవిరి, చల్లటి నీళ్లు అందించే యుటిలిటీ సెక్షన్‌లో సీనియర్ ఆపరేటర్. ఇంట్లో భార్య, ఏడో తరగతి చదివే కూతురు, అమ్మ. రెండో అంతస్తులో అద్దె ఇల్లు, పైన నేరుగా ఎండ పడే స్లాబు. మందు అలవాటు లేదు, పొగ తాగడు. మెమో కాగితం మడిచి జేబులో పెట్టుకునే వచ్చాడు.

"నాకేం జబ్బు లేదండి సార్. రాత్రి మూడు దాటితే కళ్లు నా మాట వినవు, అంతే. మిగతావాళ్లకి అవదా?"

"అందరికీ అవుతుంది. మీకు ఎప్పుడు, ఎంత, ఎందుకు అన్నది చూద్దాం. ఆ కాగితం సంగతి తర్వాత."

ఇలాంటి మనిషిని నేను మొదట అడిగేది ఇది: ఒంట్లో సత్తువ లేకపోవడమా, కళ్లు మూతలు పడటమా? రెండూ కలిసి రావచ్చు, కానీ దారులు వేరు. రక్తం తక్కువైన వాళ్లకి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, కాళ్లు లాగుతాయి, అయినా కుర్చీలో కూర్చోగానే నిద్ర రాదు. నిద్ర చాలని మనిషి నడుస్తున్నంతసేపూ బాగుంటాడు, కూర్చోబెడితే పడిపోతాడు. ఈయనది రెండోది. పనిచేస్తూ నడుస్తుంటే మామూలే. ప్యానెల్ ముందు కూర్చుంటే జోగుతాడు. బస్సు ఎక్కిన అయిదు నిమిషాల్లో నిద్ర. ఆదివారం సినిమాకి వెళ్తే ఇంటర్వెల్ దాకా ఆగలేడు.

ఎప్‌వర్త్ స్కేలు ప్రశ్నలు అడిగాను. మెల్‌బోర్న్ డాక్టరు మర్రే జాన్స్ 1991లో తయారుచేసిన ఎనిమిది చిన్న ప్రశ్నలవి: టీవీ చూస్తుంటే, చదువుతుంటే, మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే నిద్ర పట్టే అవకాశం ఎంత అని. మొత్తం 24 మార్కులు. పది దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువగా ఉన్నట్టు. ఈయనకి 13 వచ్చింది.

రెండు వారాలు నిద్ర డైరీ రాయమన్నాను. ఖర్చు లేని పరీక్షల్లో దీన్ని మించింది నాకు తెలియదు. పడుకున్న టైము, లేచిన టైము, మధ్యలో ఎందుకు లేచాడు, టీ ఎన్నిసార్లు తాగాడు, ఇంతే. ఆ డైరీయే కేసు మొత్తం చెప్పింది.

‘ఏ’ షిఫ్ట్ (పొద్దుటి డ్యూటీ) వారంలో ఉదయం 4:50కి బస్సు, 4:10కి లేవాలి. రాత్రి పదకొండు లోపు ఇంట్లో ఎవరూ పడుకోరు. అయిదు గంటల నిద్ర. ‘బీ’ షిఫ్ట్ (మధ్యాహ్నం డ్యూటీ) వారం కొంచెం నయం, ఆరున్నర గంటలు. ‘సీ’ షిఫ్ట్ (నైట్ డ్యూటీ)కి వచ్చేసరికి, ఉదయం ఆరింటికి దిగి 7:10కి ఇంటికి చేరి, టీ తాగి, కూతుర్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చి, పదింటికి పక్క ఎక్కుతాడు. ఒంటిగంటన్నరకి చెమటతో లేస్తాడు. మధ్యలో కొరియర్ కుర్రాడు, గ్యాస్ బండి, బ్యాంకు ఫోన్లు. నాలుగు గంటలు కూడా సరిగ్గా లేదు. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి. ఆరు నైట్లు గడిచేసరికి ఈయన మీద పద్దెనిమిది గంటలకి పైగా నిద్ర బాకీ పడుతోంది.

డైరీలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది సోమవారం. ఆదివారం సెలవు, ఆ రాత్రి మామూలుగా పడుకుని సోమవారం ఉదయం ఏడింటికి లేస్తాడు. ఆ రోజంతా ఇంటి పనులు. రాత్రి పదికి డ్యూటీ ఎక్కుతాడు. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి ఆయన ఇరవై ఒక్క గంటలుగా మేలుకుని ఉన్నట్టు. మెమో వచ్చిన రాత్రి సరిగ్గా అదే, సీ షిఫ్ట్ మొదటి రాత్రి.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ఒక పోలిక తేల్చారు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ కుదిరే పొందిక, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. 24 గంటలైతే దాదాపు 100 మిల్లీగ్రాములతో సమానం. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 30. తాగి గేటు దగ్గరికి వస్తే సెక్యూరిటీ లోపలికి రానివ్వరు. ఇరవై గంటలు నిద్ర లేకుండా వచ్చినవాడికి బాయిలర్ అప్పగిస్తాం.

నాలుగింటికే ఎందుకు

ఇది ప్లాంట్ హెడ్‌కీ, ఆపరేటర్‌కీ ఒకే మాటల్లో చెప్పాను. మెలకువ రెండు లెక్కల మీద నడుస్తుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త బోర్బేలీ 1982లో ఈ నమూనా ఇచ్చాడు. మొదటిది నిద్ర ఒత్తిడి: మేలుకున్న ప్రతి గంటా పెరుగుతుంది, నిద్రపోతేనే దిగుతుంది. మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. రెండోది ఒంట్లో ఉన్న గడియారం: వెలుతురును బట్టి నడుస్తుంది, ఇరవై నాలుగు గంటల్లో మనల్ని ఒకసారి పైకి లేపి ఒకసారి కిందికి దింపుతుంది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా అది అట్టడుగున ఉంటుంది. ఒంటి ఉష్ణోగ్రత కూడా అప్పుడే తక్కువ. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య ఇంకో చిన్న దిగుడు ఉంటుంది. ఆఫీసుల్లో భోజనం తర్వాత ఆవలింతలకి అన్నం ఒక్కటే కారణం కాదు.

నైట్ షిఫ్ట్ ఆఖరి భాగంలో ఈ రెండూ ఒకేసారి మనిషి మీద పడతాయి. నిద్ర ఒత్తిడి నెత్తిన ఉంటుంది, గడియారం అడుగున ఉంటుంది. బాధ్యత ఎంత ఉన్నా, భయం ఎంత ఉన్నా మూడు నాలుగు సెకన్ల కునుకులు వచ్చేస్తాయి. కళ్లు తెరిచే ఉన్నా రావచ్చు. ఆ మనిషికే తెలియదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి మూడు సెకన్లలో యాభై మీటర్లు పోతుంది.

విశాఖ ప్రాంతంలో తెల్లవారుజాము గంటల గురించి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ విషవాయువు ఊరి మీదికి వచ్చింది ఆ వేళకే. దాని కారణాలు వేరు, అలసట వల్ల జరిగిందని నేను అనడం లేదు. అలాంటి ఘడియలో అలారం మోగితే ప్యానెల్ ముందున్న మనిషి పూర్తి తెలివితో ఉండాలి, నా పట్టుదల అంతా దానికోసం.

బిళ్ల సంగతి

ఒంటి పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. బరువు కొంచెం ఎక్కువ, బీపీ మామూలు. హిమోగ్లోబిన్ 13.8, థైరాయిడ్, బీ12 సరిగ్గానే ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 5.9, అంటే షుగరు గీత దగ్గరికి వస్తోంది. నైట్ డ్యూటీల వాళ్లలో ఇది తరచూ చూస్తాను, ఆరునెలలకొకసారి చూపించుకోమన్నాను. గురక గురించి భార్యని అడిగాను, ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు పక్కన పడుకున్న వాళ్లకే తెలుస్తుంది. వెల్లకిలా పడుకుంటే కొంచెం, మధ్యలో ఊపిరి ఆగడం ఎప్పుడూ లేదు అంది. మెడ కొలత 38 సెంటీమీటర్లు. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఉందేమో అంచనా వేసే స్టాప్‌బ్యాంగ్ స్కోరు 2, కాబట్టి ఆ అవకాశం తక్కువ. గురక గట్టిగా ఉండి, లావుగా ఉండి, పొద్దున లేస్తే తలనొప్పి ఉండే మనిషైతే నేను ముందు స్లీప్ స్టడీకి పంపుతాను. అలాంటి వాళ్లకి కింద రాసే సలహాలేవీ చాలవు.

మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నాడు. లేదన్న తర్వాత కూడా నేను ఒకటి అడుగుతాను: "జలుబుకి, దురదకి, ఎలర్జీకి మెడికల్ షాపులో తెచ్చుకునే బిళ్లలు?"

"అదా సార్, చేతులకి దురద వస్తాది. సెట్రిజిన్ వేసుకుంటా, రాత్రి అన్నం తిన్నాక. అది మందేటి?"

సెట్రిజిన్ ఒంట్లో సగం తగ్గడానికి ఎనిమిది గంటలు పడుతుంది. కొందరికి ఏమీ అనిపించదు, కొందరికి బాగా మత్తు ఇస్తుంది. ఈయన దాన్ని డ్యూటీ ఎక్కే ముందు, రాత్రి ఎనిమిదింటికి వేసుకుంటున్నాడు. జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ అయితే ఇంకా ఎక్కువ మత్తు. మన దగ్గర ఈ బిళ్లల్ని మందుల లెక్కలో ఎవరూ వేయరు, అందుకే పేరు పెట్టి అడగాలి. దాని బదులు మెదడులోకి పెద్దగా చేరని ఫెక్సోఫెనడిన్ రాసి, పళ్లరసంతో కాకుండా నీళ్లతో వేసుకోమన్నాను. చేతి తొడుగులు మార్పించి, చర్మం డాక్టరుకి చూపించమన్నాను.

ఈ ఒక్క మార్పుతో వారం లోపలే తేడా కనిపించింది. అయినా నిద్ర బాకీ అలాగే ఉంది.

ఇంట్లో

నైట్ డ్యూటీలో మెలకువ ఇంట్లోనే తయారవుతుంది. అందుకే భార్యనీ, అమ్మనీ రమ్మన్నాను. ఆపరేటర్‌కి ఇష్టం లేదు, ఆడవాళ్లని ఇందులోకి ఎందుకండీ అన్నాడు. మీ నిద్ర వాళ్ల చేతుల్లో ఉంది కాబట్టి, అన్నాను.

మొదటి మార్పు, ఇంటికి రాగానే పడుకోవడం. కూతుర్ని స్కూలుకి దింపే పని నైట్ వారంలో భార్య తీసుకుంది. స్కూల్ ఆటో మాట్లాడుకున్నారు. దాని నెల ఖర్చు ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు. ఎనిమిదింటికల్లా పక్క ఎక్కితే ఎండ ముదిరే లోపు అయిదు గంటలు దొరుకుతాయి. ఒంటి గడియారం నిద్రకి ఒప్పుకునేది కూడా ఆ పొద్దుటి పూటే. ఆలస్యమయ్యేకొద్దీ అది మనిషిని మేల్కొలుపుతుంది.

రెండోది వెలుతురు. బస్సులో నల్ల కళ్లద్దాలు పెట్టుకోమన్నాను. పొద్దుటి ఎండ కళ్లలో పడితే మెదడు తెల్లారిందనుకుంటుంది, నిద్రకి సాయపడే మెలటోనిన్ హార్మోను ఆగిపోతుంది. తోటివాళ్లు హీరో అని ఏడిపించారట. వారం తిరిగేసరికి ఆ బస్సులో ఇంకో ఇద్దరు పెట్టుకున్నారు. అయితే బస్టాపు నుంచి ఇంటిదాకా బండి నడిపేటప్పుడు తీసేయాలని గట్టిగా చెప్పాను. నిద్ర కళ్లతో ఉన్నవాడికి ఎండే ఆసరా. గదిలో కిటికీకి నల్లటి మందపు గుడ్డ రెండు మడతలు వేసి కుట్టారు. స్లాబు మీద వైట్ సిమెంటు, సున్నం పూత వేయించడానికి ఓనరుని ఒప్పించారు. కూలరు ఉంది. దాని మోత బయటి చప్పుళ్లని కప్పేస్తుంది, అదీ మంచిదే. ఫోను వేరే గదిలో. అత్యవసరం అయితే భార్య లేపుతుంది, ప్లాంటు వాళ్లకి కూడా ఆమె నంబరే.

మూడోది డ్యూటీకి ముందు కునుకు. సాయంత్రం ఏడింటికి గంటన్నర పడుకోమన్నాను. అప్పటిదాకా అన్నిటికీ తలూపిన అమ్మ ఇక్కడ ఒప్పుకోలేదు.

"దీపాలు పెట్టే వేళ మగాడు పడుకుంటే ఇంట్లో లక్ష్మి ఉంటదా బాబూ?"

వాదించాల్సిన పని లేదు. సందె పడకముందే, నాలుగు నుంచి అయిదున్నర దాకా పడుకుంటే మధ్యాహ్నపు దిగుడు చివరి భాగం కూడా కలిసొస్తుంది, నిద్ర ఇంకా తేలిగ్గా పడుతుంది. "అలాగైతే సరే, నేనే లేపుతాను టీ పెట్టి" అంది ఆవిడ. సోమవారం రాత్రి లెక్క ఈ కునుకుతోనే మారింది. నాలుగింటికి ఇరవై ఒక్క గంటలు మేలుకున్న మనిషి కాస్తా పదిన్నర గంటల క్రితమే నిద్ర లేచిన మనిషి అయ్యాడు.

టీ, తిండి

డైరీ ప్రకారం ఒక నైట్‌లో ఏడు టీలు. చివరిది అయిదున్నరకి, దిగేముందు. ప్రతి దాంట్లో రెండు చెంచాల పంచదార. కెఫీన్ చేసే పని అడినోసిన్ కూర్చునే చోటులో అది కూర్చోవడం. అడినోసిన్ పోదు, బయట కాచుకుని ఉంటుంది. తాగిన అరగంట, ముప్పావుగంటకి పూర్తి ప్రభావం వస్తుంది. ఒంట్లో సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు. అయిదున్నరకి తాగిన టీలో సగం పదిన్నరకి, సరిగ్గా నిద్రలో ఉండాల్సిన టైముకి ఇంకా పని చేస్తూ ఉంటుంది.

మానేయమనలేదు. టీ మానమంటే మన వాళ్లు డాక్టర్నే మానేస్తారు. టైము మార్చాం: పదిన్నరకి ఒకటి, పన్నెండున్నరకి ఒకటి, రెండింటికి ఒకటి, మూడు దాటాక లేదు. మంచినీళ్ల బాటిలు ప్యానెల్ పక్కనే. ఒంట్లో నీరు కొంచెం తగ్గినా ధ్యాస తగ్గుతుంది. యుటిలిటీ వాళ్లకి బాయిలర్ దగ్గర చెమట బాగా పడుతుంది, నీళ్లు తాగడం మర్చిపోతారు.

ఎనర్జీ డ్రింకులు కుర్రాళ్ల దగ్గర ఎక్కువ. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం లీటరుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా ఒప్పుకుంటుంది, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75. రెండు టీలతో అయ్యే పనికి అంత పంచదార తాగడం నాకు నచ్చదు. ఖైనీ సంగతి వేరు. మెలకువ కోసమని మొదలుపెట్టినవాళ్లని నోటి పుండుతో చూశాను, ఆ దారికి ఎవరూ వెళ్లొద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

తిండి: క్యాంటీన్‌లో రాత్రి ఒంటిగంటకి అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు. నిండుగా తిని కూర్చుంటే మూడింటికి మగత రాక ఏమవుతుంది. అసలు భోజనం ఎనిమిదిన్నరకి ఇంట్లో. ఒంటిగంటకి రెండిడ్లీలో, ఉడకబెట్టిన గుడ్డో, అరటిపండో, వేయించిన శనగలో. క్యాంటీన్ కాంట్రాక్టరుని ఒప్పించడానికి కొన్ని రోజులు పట్టింది కానీ ఇప్పుడు రాత్రి ఇడ్లీకే గిరాకీ.

ప్యానెల్ రూము

రాత్రి రెండున్నరకి వెళ్లి చూశాను. ఫ్యాక్టరీ డాక్టర్లందరికీ నా విన్నపం, పగలు పదకొండింటికి చూసి నైట్ షిఫ్ట్ గురించి రాయకండి. నాలుగు ట్యూబ్‌లైట్లలో రెండు ఆర్పేశారు, కళ్లకి హాయిగా ఉంటుందని. ఏసీ గాలి సన్నగా హోరుమంటోంది. కుర్చీ వెనక్కి వాలుతుంది. తెర మీద అంకెలు గంటల తరబడి ఒకేలా ఉంటాయి. నిద్రపుచ్చడానికి ఇంతకన్నా మంచి గది కట్టలేరు.

మార్పులు చిన్నవే. లైట్లన్నీ వేసి ఉంచడం. వాలని కుర్చీ. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది మనుషుల మార్పిడి. ఇద్దరు ఆపరేటర్లలో ఒకరు షిఫ్ట్ అంతా ప్యానెల్, ఇంకొకరు అంతా ఫీల్డ్ (బయట యంత్రాల దగ్గర తిరిగి చూసే పని) చేసేవారు. ప్రతి గంటకీ మారమన్నాను. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ ముందు కూర్చునే వాళ్ల మీద బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ చేసిన పని ఉంది. 1948లో అచ్చయింది. ఒకే తెరని కనిపెట్టుకుని కూర్చున్న మనిషి మొదటి అరగంటలోనే గుర్తులు వదిలేయడం మొదలుపెడతాడని అది చూపించింది. బాగా నిద్రపోయి వచ్చినవాళ్లకే అలా ఉంటే, నైట్‌లో చెప్పేదేముంది.

నాలుగింటి రీడింగు ఇప్పుడు ఫీల్డ్‌లో ఉన్నతను గేజు దగ్గర నిలబడి వాకీటాకీలో చదువుతాడు, ప్యానెల్‌లో ఉన్నతను తిరిగి చదివి రాస్తాడు. రెండు గొంతులు, రెండు జతల కళ్లు. సాల్వెంట్ ట్యాంకర్ దించడం, పైపులైన్ విప్పడం లాంటి పనులు రెండున్నరకి ముందే అయిపోవాలి, లేదా ఆరు తర్వాత ‘ఏ’ షిఫ్ట్‌కి వదిలేయాలి.

ముఖం కడుక్కోవడం, పాటలు పెట్టుకోవడం, చల్లటి గాలికి నిలబడటం పనికొస్తాయా అని అందరూ అడుగుతారు. వస్తాయి, పది పదిహేను నిమిషాలు. అంతకుమించి నమ్ముకోకూడదు.

ఇరవై నిమిషాల కోసం

కొండ ఎక్కినట్టయింది డ్యూటీ మధ్యలో కునుకుకి అనుమతి తేవడమే. చాలా చోట్ల స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే కంపెనీ ఉద్యోగ నియమాల్లో, డ్యూటీలో నిద్ర అంటే మిస్‌కాండక్ట్, చర్య తీసుకోదగ్గ తప్పు. నేను అడిగింది రాత్రి రెండు, మూడున్నర మధ్య ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, రెండో మనిషి ప్యానెల్ మీద ఉండగా, లాగ్‌బుక్‌లో టైము రాసి, ఫస్ట్‌ఎయిడ్ రూములో, అలారం పెట్టుకుని. లేచాక పావుగంట దాకా వాల్వులు ముట్టుకోకూడదు, ఎందుకంటే లేచిన వెంటనే మెదడు మందంగా ఉంటుంది. ఇరవై నిమిషాలు దాటితే గాఢనిద్రలోకి జారి ఆ మందం ఇంకా పెరుగుతుంది. రెండు గంటలకి తాగే ఆ టీ కునుకుకి ముందు తాగితే లేచేసరికి కెఫీన్ అందుకుంటుంది.

"ఒకరికిస్తే అందరూ అడుగుతారు డాక్టరు గారూ" అన్నారు ప్లాంట్ హెడ్.

"అందరికీ ఇవ్వాలనే అడుగుతున్నానండి. ఇప్పుడు కూడా పడుకుంటున్నారు, మీకు చెప్పకుండా, ఇద్దరూ ఒకేసారి."

నాసా వాళ్లు దూరప్రయాణాల పైలట్ల మీద చేసిన పని చూపించాను. కాక్‌పిట్‌లో వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇస్తే వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విశ్రాంతి లేని బృందం కన్నా విమానం దిగే సమయంలో వీళ్ల మెలకువ, స్పందన స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి. అయినా ఆయన్ని కదిలించింది అది కాదు. లాగ్‌షీట్‌లో ఒక గడి ఎక్కువ పెట్టించాం, ప్రతి గంటా నిద్రమత్తు ఒకటి నుంచి తొమ్మిది దాకా ఎంత ఉందో వేయాలి. కరోలిన్‌స్కా స్కేలు అంటారు దాన్ని. పేరు రాయక్కర్లేదు, మెమో ఉండదు అని హామీ తీసుకున్నాం. రెండు వారాల తర్వాత షీట్లన్నీ ఆయన బల్ల మీద పరిచాం. మూడున్నర నుంచి అయిదు దాకా గడులన్నీ ఏడు, ఎనిమిది. ఒక్క మనిషి సమస్య అనుకున్నది సెక్షన్ మొత్తానిదని అప్పుడు ఒప్పుకున్నారు. మూడు నెలల ప్రయోగానికి సంతకం పెట్టారు.

నేనిచ్చిన సర్టిఫికెట్‌లో ఇలా రాశాను: నైట్ డ్యూటీకి యోగ్యుడు, ఈ కింది ఏర్పాట్లతో. ఫిట్, అన్‌ఫిట్ అనే రెండు డబ్బాల్లో ఈ మనిషి పట్టడు. అన్‌ఫిట్ అని రాస్తే ఆయనకి నైట్ అలవెన్సు పోతుంది, ప్యానెల్ ముందు అదే కుర్చీలో ఇంకొకరు జోగుతారు.

ఇదే ఫిర్యాదు, వేరే మందు

అదే నెలలో క్వాలిటీ ల్యాబ్ నుంచి 27 ఏళ్ల కెమిస్టు వచ్చింది. జనరల్ షిఫ్ట్. "మధ్యాహ్నం నుంచి పని మీద ధ్యాస నిలవట్లేదు సార్, నాకూ ఇరవై నిమిషాలు ఇప్పించండి." ఎప్‌వర్త్ 6. నిద్ర ఏడు గంటలు పోతుంది. కంటి రెప్ప కింద పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 9.2. నెలసరి ఎక్కువగా అవుతోంది, పొద్దున టిఫిన్ లేకుండా టీ తాగి వస్తోంది. ఆమెకి కావల్సింది కునుకు కాదు, ఐరన్, గైనకాలజిస్టు. ఐరన్ బిళ్లకీ, భోజనానికీ గంట అటూఇటూ టీ తాగొద్దని చెప్పాను, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019–21) దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఏ ఆఫీసులోనైనా ఒక ఆడమనిషి అలసటగా ఉందంటే, ఆమెకి చిట్కాలు చెప్పే ముందు రక్తపరీక్ష చేయించండి.

ఆరు వారాల తర్వాత

ఆపరేటర్ నిద్ర నైట్ వారంలో రెండు విడతలు కలిపి ఆరున్నర గంటలకి వచ్చింది. ఎప్‌వర్త్ 8. నాలుగింటి గడిలో ఎనిమిదికి బదులు అయిదు, మొదటి రాత్రి మాత్రం ఇప్పటికీ ఆరు. రీడింగులు మళ్లీ ఒకేలా రాలేదు. మెమో ఫైల్లోనే ఉంది కానీ చర్య తీసుకోలేదు. ఆయన అన్నది: "సాయంత్రం పాప హోంవర్కు చూస్తన్నా సార్. ముందు కసురుకునేవాణ్ణి."

తేలనిది షిఫ్టుల వరస. ఇప్పటికీ సీ నుంచి బీకి, బీ నుంచి ఏకి వెనక్కి తిరుగుతుంది. మనిషి ఒంటి గడియారం చుట్టు సగటున ఇరవై నాలుగు గంటల కన్నా కాస్త ఎక్కువ, అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. ఏ, తర్వాత బీ, తర్వాత సీ అని ముందుకి తిప్పితే ఒంటికి సులువు. కార్మికుల్లోనే కొందరికి పాత వరసే నచ్చింది, ఊరెళ్లడానికి సెలవు కలిసొస్తుందని. ఇది వాళ్లు కూడా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, డాక్టరు ఒక్కడూ చెప్తే అయ్యేది కాదు.

డబుల్ డ్యూటీ ఇంకొకటి. సంక్రాంతికి సగంమంది ఊళ్లకి వెళ్తే రిలీవర్ రాడు, ఉన్నవాడే పదహారు గంటలు చేస్తాడు. వద్దని రాశాను. తప్పదన్నారు. కనీసం డబుల్ చేసినవాడు తన బైకు ముట్టకూడదు, కంపెనీ బండిలో గుమ్మం దాకా దింపాలి, తర్వాతి డ్యూటీకి మధ్య పన్నెండు గంటలైనా ఉండాలి అని అడిగాను. బండికి ఒప్పుకున్నారు, పన్నెండు గంటలకి ఇంకా ఒప్పుకోలేదు.

కాంట్రాక్టు మనుషుల మాట కూడా ఉంది. లోడింగ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లు పన్నెండు గంటలు చేస్తారు, లాగ్‌షీట్ లేదు కాబట్టి వాళ్ల మత్తు ఏ గడిలోనూ పడదు. ఇరవై నిమిషాల అనుమతి వాళ్లకి వర్తించదని కాగితంలో ఉంది. డ్రమ్ములు ఎత్తేవాళ్లకీ, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లకీ అది ప్యానెల్ ఆపరేటర్‌కి ఎంత అవసరమో అంతే అవసరం. సేఫ్టీ కమిటీకి రాసి ఇచ్చాను, వచ్చే మీటింగు ఎజెండాలో మొదటి అంశంగా పెట్టించాను.